ఇంటి పన్ను ఎక్కువైందా? పొరపాటున కూడా లెక్క చూసుకోకండి

మార్చి చివరి వారంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటిలో ఏ గల్లీలో నిలబడ్డా రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "గింత పన్నా!" రెండోది, "ఎదురింటాయనకు ఎంతేసిండ్రు?" వినబడాల్సిన మూడో మాట ఇంకొకటుంది: "నాకు ఎంత పడాల్నో అంతే పడ్డదా?" అది మాత్రం ఎవరి నోటా రాదు. ఆ ప్రశ్న అడగని జనానికీ, అడిగినా చెప్పని ఆఫీసులకీ మధ్య ఒక పాత ఒప్పందం ఉంది. స్టాంపు పేపరు లేదు, సాక్షుల సంతకాలు లేవు. అయినా సబ్ రిజిస్ట్రార్ ముందు రాసుకున్న దస్తావేజులకన్నా గట్టిగా నిలబడింది.

ఇదే జనాన్ని వేరే లెక్కలు అడిగి చూడండి. కోదాడ ఖమ్మం క్రాస్ రోడ్డు దగ్గర గజం ఎంత పలుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మిర్యాలగూడ మిల్లుల్లో సన్న వడ్లు నిన్న ఎంతకు తీసుకున్నారో, ఇవాళ ఎందుకు తగ్గించారో, దాని వెనక ఎవరున్నారో కూడా చెబుతారు. కూతురి పెళ్ళికి చేయించిన నగలో కంసాలి తీసిన తరుగు ఎంతో పదేళ్ళయినా మరచిపోరు. అదే మనిషిని, అయ్యా, నీ ఇల్లు మున్సిపల్ రిజిస్టర్లో ఎన్ని చదరపు మీటర్లుందని అడగండి. "అది ఆళ్ళకే ఎర్క" అంటాడు. డబ్బు కట్టేది ఈయన, లెక్క తెలిసేది వాళ్ళకు. ఇంత నమ్మకం సొంత తమ్ముడి మీద కూడా పెట్టడు.

నిజానికి ఆ లెక్కలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం, దాని కింద 1990లో వచ్చిన అసెస్‌మెంట్ నియమాలు వేసిన పునాది మీదే మన పాత ఇళ్ళ పన్నులు నిలబడి ఉన్నాయి. ఊరిని జోన్లుగా విడదీస్తారు. ఫలానా జోనులో ఫలానా రకం కట్టడానికి చదరపు మీటరుకు నెలకు ఇంత అద్దె అని ఒక పట్టిక వేస్తారు. మీ ఇంటి ప్లింత్ ఏరియాను ఆ ధరతో గుణిస్తే నెల అద్దె, పన్నెండుతో గుణిస్తే ఏడాది అద్దె విలువ. అందులో ఇంటి వయసుకు తరుగుదల తీసేసి, మిగిలినదాని మీద శాతం కట్టి, వచ్చిన పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కలుపుతారు. కొలత, జోను, కట్టడం రకం, వాడకం, వయసు. ఈ ఐదూ సరిగ్గా రాసి ఉంటే పన్ను సరైనదే. ఐదో తరగతి పిల్లవాడు చేయగల గుణకారం. అందుకే కాబోలు పెద్దవాళ్ళెవరూ దాని జోలికి పోరు.

కట్టడం రకాల దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే నియమాలు రాసినవాళ్ళలో ఒక కవి ఉన్నాడని అక్కడే తెలుస్తుంది. ఆర్.సి.సి. కప్పులు రెండు రకాలట: ఒకటి మామూలు, రెండోది 'పోష్'. ఆ తరవాత మద్రాసు మిద్దెలు, బండలు పరిచిన కప్పులు, మంగళూరు పెంకు, రేకులు, నాటు పెంకు, చివరికి గుడిసె. గుడిసె దగ్గర ఎవరికీ అనుమానం రాదు. పోష్‌కూ మామూలుకూ మధ్య గీత ఎక్కడుందంటే, కొలవడానికి వచ్చినాయన చూపు ఎక్కడ ఆగితే అక్కడ. గేటు దగ్గర రెండు సింహం బొమ్మలు పెట్టించుకున్నారా, పోష్. లోపల ఇటాలియన్ పాలరాయి పరిచి బయట సున్నం కూడా వేయించలేదా, మామూలు. మిర్యాలగూడ హనుమాన్‌పేటలో ఎవరైనా మూడేళ్ళుగా ఇంటి ముందు గోడకు రంగు వేయించకుండా ఉంటే అది పిసినారితనం అనుకోకండి. అదొక ఆర్థిక ప్రణాళిక అయినా కావచ్చు.

జోన్ల సంగతి ఇంకా రసవత్తరం. జోను విడదీసేటప్పుడు ఏమేం చూడాలో నియమాల్లోనే ఉంది: నీటి సరఫరా, వీధి దీపాలు, రోడ్లు, మురికి కాలువలు, బజార్లు, బళ్ళు, బ్యాంకులు, తపాలా, వైద్యం. అంటే సౌకర్యం ఉన్నచోట ఎక్కువ, లేనిచోట తక్కువ. ఈ వాక్యాన్ని పట్టుకొని మీ గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి నడవండి. స్తంభం ఉండి బల్బు లేకపోతే దీపం ఉన్నట్టా లేనట్టా? కాలువ ఉండి అందులో నీళ్ళు రోడ్డు మీదికి పారుతుంటే కాలువ ఉన్నట్టా, రోడ్డు లేనట్టా? ఇరవై ఏళ్ళ కింద చెత్తకుండీలే లేని ఊరని దేశమంతా చెప్పుకున్న సూర్యాపేట మనది. ఇప్పుడు కుండీలు లేని మాట నిజమే, చెత్త మాత్రం ఉంది. ఈ అనుమానాలు పట్టికకు అంటవు. ఒకసారి 'ఎ' జోనులో పడ్డ వీధి, దాని రోడ్డు పోయినా, నల్లా ఎండినా, 'ఎ' జోనులోనే కాపురం చేస్తుంది.

కోదాడవాళ్ళకు ఈ కాలువ సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టు 31 రాత్రి మొదలై సెప్టెంబర్ 1న ఊరిని ముంచిన వానలో కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. నీళ్ళు తగ్గిన తరవాత అందరూ ఒకే మాట అన్నారు: నీళ్ళ దారిలో ఇళ్ళు కట్టారు. కట్టినవాళ్ళకు పన్ను పడకుండా ఉంటుందా? చట్టం తెలివైంది. అక్రమ కట్టడానికీ పన్ను వేస్తుంది, పైగా జరిమానాగా రెట్టింపు వసూలు చేస్తుంది, పన్ను తీసుకున్నంత మాత్రాన కట్టడం సక్రమమైనట్టు కాదని ఒక ముక్క కూడా రాసి పెట్టుకుంటుంది. నాలా మీది ఇల్లు ఏటా రశీదు తెచ్చుకొని దేవుడి పటం వెనక దాచుకుంటుంది. నాలా మాత్రం ఏ రశీదూ లేకుండానే వచ్చి పోతుంది.

ఇప్పుడు కొలత. జనం గజాల్లో కొంటారు, మేస్త్రీ అడుగుల్లో కడతాడు, రిజిస్టరు మీటర్లలో రాసుకుంటుంది. 120 గజాల జాగా అంటే 1,080 చదరపు అడుగులు, అంటే దగ్గర దగ్గర 100 చదరపు మీటర్లు. ఈ మూడు సంఖ్యల్లో ఒకటి పోయి ఇంకొకదాని గడిలో కూర్చుంటే ఏమవుతుంది? అడుగుల సంఖ్య మీటర్ల గడిలో పడితే పన్ను పదిరెట్లు దాటుతుంది. దాన్ని ఎవరైనా పట్టుకుంటారు, గుండె ఆగినంత పనవుతుంది కాబట్టి. ప్రమాదమంతా చిన్న తప్పుల్లో ఉంది: జాగా కొలతనే ఇంటి కొలతగా రాయడం, కూల్చేసిన పాత వంటిల్లు రిజిస్టర్లో ఇంకా పొగలు కక్కుతుండటం, అన్నదమ్ములు పంచుకున్న ఇంటికి ఇద్దరి పేరునా మొత్తం కొలత పడటం. ఇవి నొప్పి తెలియని రోగాలు. ఏటా కొంత రక్తం తీసుకొని పోతుంటాయి.

వయసు సంగతీ చూడండి. పాత చట్టం ఇంటికి ముసలితనాన్ని ఒప్పుకుంది: పాతికేళ్ళ లోపు 10 శాతం తరుగుదల, నలభై దాకా 20, నలభై దాటితే 30. సొంతంగా కాపురముండే ఇంటికి, ఆ తరుగుదలను కలుపుకొని, 40 శాతం దాకా రాయితీ. మనుషులు వయసు తగ్గించి చెప్పుకుంటారు, తప్పులేదు. ఇళ్ళు ఏం పాపం చేశాయి? 1978లో కట్టిన మిద్దె రిజిస్టర్లో ఇంకా పడుచుదనంతోనే మెరుస్తుంటే, ఆ ఇంటి ముసలాయన పింఛను కాగితం పట్టుకొని వరుసలో నిలబడి దాని యవ్వనానికి డబ్బు కడుతుంటాడు. కిరాయివాళ్ళు ఖాళీ చేసిపోయి తానే దిగిన సంగతి ఆఫీసుకు చెప్పనివాడు వదులుకునే రాయితీ కూడా ఇలాంటిదే.

ఇంతా చదివి, సరే ఒకసారి చూసుకుందాం అని ఎవరికైనా బుద్ధి పుట్టిందనుకోండి. పుట్టింది కూడా. ఒక రిటైరైన టీచరమ్మకు. ఏ ఊరని అడగకండి, ఈ మూడు ఊళ్ళలో ఏదైనా ఒకటే. ఆమెది ఒకే అంతస్తు, ఎదురింటిది మూడంతస్తులు, మీద రేకుల షెడ్డు అదనం. పన్ను మాత్రం ఆమెకే ఎక్కువ. చాక్‌పీసు పట్టిన చెయ్యి కదా, తప్పు కనబడితే ఊరుకోదు. పోయి అడిగింది.

"సార్, మా ఇంటి కొలత ఎంత రాసిండ్రో జర చూస్తరా?"

"కొలత ఎందుకు మేడం? పన్ను కట్టిండ్రా లేదా?"

"కట్టిన. ఎక్కువ పడ్డదేమో అని."

"ఎక్కువుంటే సిస్టమే చూపెడ్తది గదా."

"సిస్టం నేను కట్టినంత వరకే చూపెడ్తున్నది. ఎట్ల కట్టిండ్రో చూపెడ్తలేదు. మాది ఏ జోను?"

"అది పాత రిజిస్టర్ల ఉంటది. రిజిస్టర్ బీరువల ఉన్నది. తాళంచెవి ఆర్ఐ సారు కాడున్నది. సారు ఫీల్డుల ఉన్నడు."

"ఫీల్డంటే ఏడ?"

"ఫీల్డంటే ఫీల్డే మేడం."

"మరి మా ఎదురు మూడంతస్తులకు నాకన్న తక్కువెట్లొచ్చింది?"

ఇక్కడ గుమాస్తా మొదటిసారి తలెత్తాడు. తలెత్తి, ఆఫీసు మొత్తం మీద నిజమైన పరిపాలనా జ్ఞానం ఉన్నది తనకొక్కడికే అన్నట్టు మెల్లగా అన్నాడు: "ఆయనది తక్కువుందని మీరు దరఖాస్తు పెడితె ఆయనకు పెరుగుతది గని మీకు తగ్గది. ఊర్కె పగెందుకు?"

ఈ ఒక్క వాక్యంలో మన పట్టణ పన్నుల వ్యవస్థ మొత్తం ఉంది. తప్పు ఉన్నది కాగితంలో. దిద్దాల్సింది ఆఫీసు. కానీ దిద్దమని అడిగిన క్షణంలో అది ఇరుగుపొరుగు తగాదాగా మారిపోతుంది. టీచరమ్మ ఇంటికి వచ్చేసింది. మర్నాడు ఎదురింటాయన పాలప్యాకెట్టు అందుకుంటూ, "ఏం టీచరమ్మా, మున్సిపాలిటీకి పోయిన్రట గదా?" అన్నాడు. ఆర్ఐ సారు ఫీల్డు ఎక్కడో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎదురింటాయన దొంగ అని తొందరపడి తీర్పు చెప్పకండి. ఆయన మనలాంటివాడే. కిందిల్లు కట్టినప్పుడు పన్ను వేయించుకున్నాడు. పైది కొడుకు పెళ్ళికి వేశాడు, హడావుడిలో చెప్పడం మరచిపోయాడు. ఆ పైది కిరాయికోసం వేశాడు, చెప్పడం గుర్తొచ్చింది గానీ చెప్పలేదు. రేకుల షెడ్డు "సామాను పెట్టుకోనీకి". ఆ సామానులో ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక గ్యాసు పొయ్యి కూడా ఉన్నాయి. కింద రోడ్డువైపు గదికి షట్టరు పెట్టించి జిరాక్సు మిషను వేశాడు, రిజిస్టర్లో మాత్రం అది ఇంకా పడకగదే. ఇంగ్లండులో 1696లో కిటికీల లెక్కన ఇంటి పన్ను వేశారు. జనం కిటికీలు ఇటుకలతో పూడ్చుకొని చీకట్లో బతికారు. ఆ పన్ను ఎత్తేసేసరికి 1851 వచ్చింది. మనవాళ్ళకు అంత కష్టం లేదు. గాలీ వెలుతురూ బాగా వచ్చేట్టు మూడంతస్తులు కట్టుకొని, పూడ్చాల్సింది రిజిస్టర్లో పూడ్చుకుంటారు.

ఇలాంటివాళ్ళ పని పట్టడానికి సర్కారు ఆకాశానికి పోయింది. ఇస్రో వాళ్ళ భువన్ పటాల మీద ఊళ్ళోని ఇల్లిల్లూ గుర్తించి, సిబ్బంది ఫోన్లలో యాప్ వేసుకొని కొలతలు ఎక్కించే కార్యక్రమం మొదలైంది. ఉపగ్రహానికి కప్పు కనబడుతుంది. కప్పు కింద ఎన్ని అంతస్తులున్నాయో, ఏ గదిలో జిరాక్సు తీస్తున్నారో కనబడదు. ఆ ముక్క ఎక్కించాల్సింది మళ్ళీ ఆ గల్లీకి ఎప్పుడూ వచ్చే మనిషే. వందల కిలోమీటర్ల పైనుంచి మొదలైన పారదర్శకత, చివరి పది అడుగుల్లో ఎదురింటి వరండాలో కూర్చొని చాయ్ తాగింది.

2019లో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. మీ కొలత మీరే చెప్పండి, మీ పన్ను మీరే లెక్కకట్టుకోండి, మేం నమ్ముతాం అంది. అబద్ధం చెప్పారో, పన్నుకు 25 రెట్లు జరిమానా అంది. ఇది చదివి ఎదురింటాయనకు రాత్రి నిద్రపట్టి ఉండదనుకుంటున్నారా? పట్టింది. నిద్ర పట్టనిది టీచరమ్మకు. ఎన్నడో పడగొట్టిన పాత స్నానాలగది కొలతలో తీసివేయాలా వద్దా అని ఆమె టేపు పట్టుకొని కూర్చుంది. చట్టాలు భయపెట్టేది ఎప్పుడూ భయపడేవాళ్ళనే.

అదే చట్టంలో చిన్నవాళ్ళకు ఒక మంచి మాట కూడా ఉంది: 75 గజాల లోపు జాగాలో కిందిల్లు, మహా అయితే దానిమీద ఒక అంతస్తు ఉంటే, ఏడాదికి పన్ను వంద రూపాయలు. ఇది తెలియాల్సిన ఇళ్ళకు ఎంతవరకు తెలిసింది? కూలికి పోయే మనిషికి ఇంటి పన్ను అంటే గుమ్మంలో పడ్డ కాగితం, దానిమీద ఉన్న అంకె, గడువు దాటితే నల్లా బంద్ అనే మాట. 75 గజాలంటే 675 చదరపు అడుగులని, తనది అంతకన్నా చిన్నదని, తానసలు వందే కట్టాలేమోనని ఆయనకు చెప్పేందుకు ఏ మైకు ఆటో గల్లీకి రాదు. మైకు ఆటో వస్తుంది, మార్చిలో. "బకాయిలు వెంటనే చెల్లించి జప్తు చర్యల నుండి..." అని చెప్పి పోతుంది.

మైకు మాటెత్తాం కనుక బకాయిల సంగతి. గడువు దాటితే నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. బజారులో ఈ రేటుకు ఇచ్చేవాణ్ణి వడ్డీ వ్యాపారి అంటాం. అయితే ఈ వ్యాపారికి దయ ఎక్కువ. ఏళ్ళ తరబడి కట్టనివాళ్ళకు వడ్డీలో 90 శాతం మాఫీ అని పథకం 2020లో వచ్చింది, 2022లో వచ్చింది, ఆ తరవాతా వచ్చింది. ఏప్రిల్ నెలలోనే ఏడాది పన్ను మొత్తం కట్టేసే బుద్ధిమంతుడికి దక్కేది 5 శాతం రిబేటు. కట్టనివాడికి తొంభై, కట్టినవాడికి ఐదు. రెండూ ఒకటే వస్తువు మీద కాదని, ఒకటి వడ్డీ మీద, ఇంకొకటి పన్ను మీద అని లెక్క తెలిసినవాళ్ళు సర్దిచెబుతారు. సర్దిచెప్పండి. చాయ్ హోటల్లో ఆ తేడా నిలబడదు. అక్కడ మిగిలేది ఒకటే నీతి: ఆగినవాడు బాగుపడ్డాడు.

2020 దీపావళి గుర్తుందా? ఆ నవంబర్ 14న కానుక ప్రకటించారు. ఆ ఏడాది ఇంటి పన్నులో సగం మాఫీ: హైదరాబాద్‌లో 15 వేల లోపు కట్టేవాళ్ళకు, మిగతా పట్టణాల్లో 10 వేల లోపు వాళ్ళకు. రెండున్నర వారాల్లో, డిసెంబర్ 1న, హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు. ఓట్లు అక్కడ, టపాసులు ఇక్కడ కూడా. ఇల్లు అదే, కొలత అదే, జోను అదే, కాలువ అదే. పన్ను మాత్రం సగమైపోయింది. ఇంటి పన్నును నిర్ణయించేవి ఐదు అంశాలని పైన చెప్పాను. ఆరోది క్యాలెండరు.

పెంచే వైపు కూడా క్యాలెండరే నడుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇళ్ళ పన్నులకు సాధారణ సవరణ చివరగా 2002లో జరిగింది, ఇళ్ళు కానివాటికి 2007లో. ఆ తరవాత ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ పుస్తకం తెరవాలంటే చెయ్యి వణికింది. పెంచకపోవడం పేదలమీద ప్రేమ అనుకుంటే పొరపాటు. అద్దెల పట్టిక పాతబడేకొద్దీ లాభపడేది బజారు మధ్యలో పాత బంగళా ఉన్నవాడు. మొన్న కట్టుకొని నిన్న నంబరు వేయించుకున్నవాడు కొత్త కొలతతో, కొత్త చూపుతో దొరికిపోతాడు. పక్కపక్క ఇళ్ళకు రెండు కాలాల పన్నులు.

కోదాడ దాటి, నల్లబండగూడెం దాటి, జగ్గయ్యపేటకు పోయి చూస్తే వేరే తమాషా. అక్కడ 2020 నవంబర్‌లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ తీసేసి రిజిస్ట్రేషన్ విలువ మీద ఇంటి పన్ను వేయడం మొదలుపెట్టారు. ఒక్కసారి గుండె ఆగకుండా, ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమన్నారు. పెంచబోమంటే పెంచుతూ పోతామని అర్థం. దానికి తోడు చెత్త పన్ను వేశారు, ఆ తరవాత వచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఇదంతా అమరావతిలో పుట్టిన ఆలోచన కూడా కాదు. కరోనా ఏడాదిలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే ఇంటి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలని ఢిల్లీ షరతు పెట్టింది. ఆంధ్ర తలూపింది, తెలంగాణ కూడా తలూపి అప్పు తెచ్చుకుంది. సరిహద్దుకు ఇవతల మనం ఊపిన తల ఎప్పుడు మన బిల్లుల్లో కనబడుతుందో, ఆ పూట చాయ్ హోటళ్ళలో కుర్చీలు చాలవు.

ఇక మన పిల్లలు. సూర్యాపేట విద్యానగర్‌లో పుట్టి టెక్సాస్ ఫ్రిస్కోలో ఇల్లు కొన్న కుర్రాణ్ణి తీసుకోండి. ఏప్రిల్‌లో అక్కడి మదింపు కార్యాలయం నుంచి ఇంటి విలువ ఇంత అని నోటీసు వస్తుంది. మే 15 లోపు అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఆ నెలంతా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. పక్క వీధిలో ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైందో, పైకప్పు మీద వడగళ్ళ దెబ్బలు ఎన్నో, వెనక గోడకు పగులు ఎంత పొడుగో ఫోటోలతో సహా ఎక్కించి, తన ఇల్లు ఎంత పనికిమాలినదో రుజువు చేస్తాడు. గృహప్రవేశానికి అదే ఇంటి వీడియో తీసి ఊరంతటికీ పంపినవాడు. ఇంత పోరాడే కొడుకు సంక్రాంతికి వచ్చి, నాన్న చేతిలో డిమాండ్ నోటీసు చూసి ఏమంటాడు? "ఎందుకు నాన్నా తలనొప్పి, ఎంతో చెప్పు, ఫోన్‌పే కొట్టేస్తా." అమెరికా చట్టం మీద అంత నమ్మకం, నాన్న ఊరి చట్టం మీద ఇంత వైరాగ్యం. డాలరును రూపాయిల్లోకి మార్చినప్పుడల్లా కొంత పౌరసత్వం కూడా కమీషన్ కింద పోతుందేమో.

అయినా ఇంకా చూసుకుంటానని మొండికేసేవాళ్ళుంటే, వాళ్ళ ఖర్మ. దారి చెబుతాను. ఒక టేపు కొనండి. గోడలతో సహా ఇంటిని కొలిచి మీటర్లలో రాసుకోండి. పాత బిల్లు మీది అసెస్‌మెంటు నంబరు పట్టుకొని ఆన్‌లైన్‌లో మీ వివరాలు తీయండి. జోన్లవారీ అద్దె పట్టిక, మీ ఇంటి అసెస్‌మెంటు నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. అప్పుడు ఆర్ఐ సారు ఫీల్డు నుంచి వస్తాడు, తాళంచెవి దొరుకుతుంది, బీరువా తెరుచుకుంటుంది. మీ గల్లీలో మీదాంటి ఇల్లే ఉన్నవాళ్ళ బిల్లు పక్కన పెట్టి, చదరపు మీటరుకు ఎంత పడిందో పోల్చండి. తేడా ఉంటే కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ రాయండి, నోటీసులో చెప్పిన గడువు దాటకముందే. మాటల్లో అడక్కండి, కాగితం మీద అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఒక్క ప్రమాదం మాత్రం ముందే చెప్పాలి. కొలిచేటప్పుడు మీ ఇల్లు మొత్తం కొలవాల్సి వస్తుంది. మెట్ల కింద గది, మొన్న వేసిన పై పోర్షన్, బండి పెట్టుకోనీకని వేసి కిరాయికిచ్చిన షెడ్డు, అన్నీ టేపు కిందికి వస్తాయి. తీరా గుణించి చూస్తే మీరు కట్టాల్సింది ఇప్పుడు కడుతున్న దానికన్నా ఎక్కువని తేలవచ్చు. పన్ను ఎక్కువైందని ఇరవై ఏళ్ళుగా తిడుతూ వచ్చినవాడికి ఇంతకన్నా పెద్ద నష్టం ఉండదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఇక మార్చిలో మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? అందుకే అనుభవజ్ఞులు టేపు జోలికి పోకుండా నేరుగా దరఖాస్తుకు పోతారు. నమూనా ఒకటి కింద ఇస్తున్నాను. పేర్లు నింపుకొని మూడు ఊళ్ళవాళ్ళూ వాడుకోవచ్చు.

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

విషయం: మా ఇంటి పన్ను అన్యాయంగా ఎక్కువ ఉన్నందున తగ్గించుట గురించి.

అయ్యా, నేను పై చిరునామాలో నలభై ఏళ్ళుగా ఒకే ఒక్క అంతస్తులో కాపురముంటున్నాను. మిగతా అంతస్తుల్లో ఇతరులు ఉంటున్నందున వాటితో నాకు సంబంధం లేదు. మా వీధి దీపం వెలగదు, కాలువ పారదు, కనుక మా జోను తగ్గించగలరు. మా షట్టరు ముందు గిరాకీలు బండ్లు పెట్టుకోవడానికి ఇబ్బంది పడుతున్నారు, కనుక రోడ్డు వెడల్పు చేయగలరు. వెడల్పు చేసేటప్పుడు ఎదురువైపు నుంచి తీసుకోగలరు. మా ఎదురింటివారికి మూడంతస్తులుండి పన్ను తక్కువ ఉన్న విషయం తమ దృష్టికి తెస్తున్నాను. నా పేరు బయటికి రాకుండా చూడగలరు. తగ్గింపు సాధ్యం కానిచో, రాబోయే ఎన్నికల సమయంలోనైనా మా దరఖాస్తును పరిశీలించగలరు. అంతవరకు వడ్డీ మాఫీ పథకం వచ్చేదాకా ఆగుతాను.

ఇట్లు,
తమ విధేయుడు

జతపరచినవి: ఎదురింటి ఫోటోలు నాలుగు, మా మేడ మీది నుంచి తీసినవి.